ఒకటిన్నర సెంటులో స్వామికి పూలతోట: మా ఏడాది ప్రాజెక్టు డైరీ

చైత్రం

ఉగాది పచ్చడి తిన్న చేత్తోనే గునపం పట్టాం. చంద్రగిరికి దగ్గర్లో మా ఊరు. పాత ఇంటి వెనక ఒకటిన్నర సెంటు స్థలం ఖాళీగా పడి ఉంది. మా అత్తగారి కాలంలో అక్కడ గొడ్ల కొట్టం ఉండేది, ఇప్పుడు పెంకులు, రాళ్ళు, కంపచెట్లు. ఏడాది తిరిగేలోపు అక్కడినుంచి మా ఊరి రామాలయానికి రోజూ పూలూ తులసీ పోవాలి. ఇంటి కప్పు మీద పడిన వాననీళ్ళు వీధిలోకి పోకుండా ఆ మట్టిలోనే ఇంకాలి. పనంతా ఇంటి మనుషులే చెయ్యాలి, కూలికి పిలవకూడదని మా ఆయన పట్టు. నా పట్టు వేరే: పూలు దేవుడికే, ఒక్క మూర కూడా అమ్మేది లేదు.

రామాలయానికి కొన్నేళ్ళుగా పూలు బజారు నుంచే వస్తున్నాయి. ముహూర్తాల రోజుల్లో ధర పెరిగితే ఆ పూట స్వామి మెడలో దండ సన్నబడిపోతుంది. ఊరి చుట్టూ మట్టి ఉంది, బోర్లలో కాస్తో కూస్తో నీళ్ళున్నాయి, ఇళ్ళలో మాలాంటి పెద్దవాళ్ళకు తీరికా ఉంది. అయినా దేవుడి పూలు ప్లాస్టిక్ కవర్లో కొని తెస్తుంటే నా మనసు ఒప్పలేదు.

ఇంకో సంగతీ ఉంది. అబ్బాయి తిరుపతిలో, అమ్మాయి బెంగళూరులో. పండగకు వస్తారు, తింటారు, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటారు, పోతారు. "అందరి చేతులూ పడే పని ఒకటి ఇంట్లో ఉండాల" అన్నారు మా ఆయన. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, ఊరికే కూర్చోలేరు.

నేల ఎర్రనేల, పైన జానెడు లోతు రాయి లాగే గట్టి. సాయంత్రం నీళ్ళు పారించి, తెల్లారి ఆ తడి మీద తవ్వుతూ వచ్చాం. తేలిన రాళ్ళన్నీ ఒక మూలకు చేర్చాం, ఇంకుడు గుంతకు పనికొస్తాయి. చివికిన పశువుల ఎరువు అర ట్రాక్టరు తోలించి మట్టిలో కలిపాం. కంచె వెంబడి గన్నేరు, నందివర్ధనం నాటాం. గన్నేరుకు నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, మేకలు మూతి పెట్టవు. దాని పాలు విషం కాబట్టి, పూలు తుంచాక చేతులు కడుక్కోవాలని పిల్లలకు ముందే చెప్పి పెట్టాలి.

జీవామృతం కూడా ఇంట్లోనే. ఎకరాకు 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 10 లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి అని ప్రకృతి సేద్యం చేసేవాళ్ళ లెక్క. మాకు అందులో పదోవంతే ఎక్కువ. 20 లీటర్ల బకెట్టులో కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, మందులు పడని గట్టు మీది పిడికెడు మట్టి. నీడలో పెట్టి గోనెసంచి కప్పి, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పితే రెండు రోజులకు నురగ కడుతుంది, పులిసిన వాసన వస్తుంది. ఆ వాసన వస్తే తయారైనట్టే.

వైశాఖం

సెలవులకు పిల్లలు దిగారు. ఇంకుడు గుంతకు ముగ్గు పోశాం: అయిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు. ఎనిమిదో తరగతి చదివే పెద్ద మనవరాలు లెక్క కట్టింది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా కప్పు 56 చదరపు మీటర్లు. పది మిల్లీమీటర్ల వానకు 560 లీటర్లు! ఆ అంకె చూసి అందరికీ హుషారొచ్చింది.

ఇంతలో తిరుపతిలో గంగమ్మ జాతరకు చాటింపు పడింది. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదని అక్కడి ఆచారం. మా అబ్బాయివాళ్ళు రాలేరు కాబట్టి పని ఆపి మేమే బయల్దేరాం. అమ్మాయి కొడుకు, మా చిన్నోడికి ఆరేళ్ళు. జాతరలో మొక్కుగా కట్టే వేషాల్లో మొదటిది, బైరాగి వేషం కట్టించాం. ఒళ్ళంతా నామం సుద్ద, మెడలో రెల్లకాయల దండ, చేతిలో వేపమండ. బెంగళూరు అపార్టుమెంటులో పెరిగే పిల్లాడు తాతయ్యగుంట గంగమ్మ ముందు ఆ వేషంతో చేతులు కట్టుకుని నిలబడితే మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళ మామయ్యకు కూడా ఆ వయసులో అదే వేషం, అదే గుడి.

జాతర చివరి తెల్లవారుజామున మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం చెంప నరికాక ఆ మట్టిని ప్రసాదంగా తీసుకుంటారు. కోడలు తెచ్చిన ఆ మట్టిలో చిటికెడు తీసి తులసి పాదులో వేశాను. గంగమ్మ వెంకన్నకు చెల్లెలు కదా, ఏటా తిరుమల నుంచి సారె వస్తుంది. అన్నకు పోయే తులసికి చెల్లెలి మట్టి ఉంటే మంచిదే.

జాతర అయ్యాక మళ్ళీ గుంత. తవ్వేది తాత, మామయ్య. మట్టి మోసేది నేను, కోడలు. పిల్లలు గట్టుకు దూరంగా ఉండి తట్టలు అందుకోవాలని నియమం. రెండడుగుల లోతులో సుద్దరాయి పొర తగిలింది. గునపం దిగదు, ఎగిరి పడుతుంది. నీళ్ళు పోసి రాత్రంతా నాననిచ్చి, పొద్దున అంచుల నుంచి పెకలించుకుంటూ వచ్చాం. మధ్యలో కొడితే పలక పగలదు, అంచు కింద గునపం మొన దూర్చి పైకి ఎత్తాలి. ఈ కిటుకు మా ఆయనది.

ఆ మధ్యాహ్నం వేపచెట్టు కింద మజ్జిగ తాగుతుంటే పిల్లలకు అనంతాళ్వారు కథ చెప్పాను. రామానుజుల శిష్యుడు. గురువు మాట మీద తిరుమలలో స్వామికి పూలతోట వేసి, దానికి నీళ్ళ కోసం చెరువు తవ్వడం మొదలుపెట్టాడు. ఆయన తవ్వుతుంటే భార్య మట్టి మోసేది. ఆమె అప్పుడు కడుపుతో ఉంది. ఒక పిల్లాడు వచ్చి సాయం చేస్తానంటే ఆళ్వారు ఒప్పుకోలేదు, స్వామి సేవ మేమే చెయ్యాలన్నాడు. పిల్లాడు చాటుగా ఆ ఇల్లాలి తట్ట అందుకుని సాయం చేశాడు. అది చూసి ఆళ్వారు కోపంతో గునపం విసిరితే పిల్లాడి గడ్డానికి తగిలింది. పిల్లాడు గుడిలోకి పరుగెత్తి మాయమయ్యాడు. చూస్తే మూలవిరాట్టు గడ్డం నుంచి నెత్తురు. ఆ గాయం మీద అద్దిన పచ్చకర్పూరమే ఈనాటికీ స్వామి గడ్డం మీద చూస్తాం. ఆ గునపం మహాద్వారం దగ్గర కుడివైపు గోడకు వేలాడుతూ ఉంటుంది. క్యూలో తోపులాట మధ్య చాలామంది గమనించకుండానే దాటిపోతారు.

ఈ కథ చెప్పేవాళ్ళందరూ ఆళ్వారు భక్తినే పొగుడుతారు. నాకు మాత్రం ఎప్పుడూ ఆ ఇల్లాలే కనబడుతుంది. నిండు కడుపుతో తట్ట మోసిన మనిషి అలసట స్వామికి తెలిసింది, పక్కనే ఉన్న మొగుడికి తెలియలేదు. సేవ మాదే అని గిరి గీసుకుంటే స్వామి వచ్చినా గుర్తుపట్టలేం. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం తట్టలు తనే మోసి, గునపం కోడలి చేతికి ఇచ్చారు.

చిన్నోడు మాత్రం వదల్లేదు. "అవ్వా, మరి నన్ను గుంత దగ్గరికి రానీవెందుకు?" అన్నాడు. వాడికి చిన్న రాళ్ళు ఏరే పని ఇచ్చాం. గుంత అడుగున పెద్ద రాళ్ళు, వాటి మీద కంకర, ఆ పైన ఇసుక. అన్నిటికన్నా పైన ఒక అడుగు ఎత్తు ఖాళీ. కంకర పొరలో వాడు ఏరని రాయి లేదు.

జ్యేష్ఠం, ఆషాఢం

చామంతి పిలకలు నాటాం. పగలు తగ్గుతూ వస్తేనే చామంతి మొగ్గ తొడుగుతుంది, అందుకే ఈ నెలల్లో నాటితే కార్తీకానికి అందుతుంది. నెల దాటాక కొసలు తుంచేశాను. చేతులారా తుంచుతున్నానని కోడలు బాధపడింది కానీ, కొస తుంచితేనే పక్క కొమ్మలు వచ్చి గుబురుగా ఎదుగుతుంది. బంతి విత్తనాలు మధ్య మధ్య చల్లాం. కనకాంబరం ఒక చాలు, మరువం, దవనం తులసి పక్కన.

కొండ దగ్గర ఊరు కదా, నెమళ్ళు పొద్దున్నే దిగి బంతి మొలకలు గీకేస్తాయి, రాత్రిళ్ళు అడవిపందులు వచ్చి పాదులు తిరగేస్తాయి. మా వైపు రైతులు చేసే పనే మేమూ చేశాం: పాత చీరలు కంచె చుట్టూ కట్టడం. నా పెళ్ళి నాటి నేతచీరలు రెండు, మా అత్తగారివి కొన్ని పెట్టెలో పడి ఉన్నాయి. అత్తగారి పచ్చ చీర కట్టేటప్పుడు మా ఆయన కాసేపు దాన్ని చేత్తో తడుముతూ ఉండిపోయారు. కట్టాక అడవిపందులు రావడం తగ్గింది. నెమళ్ళు మాత్రం వస్తున్నాయి. వాటికీ కొంత వాటా వదిలి ఇంకొన్ని విత్తనాలు చల్లాం.

శ్రావణం, భాద్రపదం

వరలక్ష్మీ వ్రతానికి మొదటి కనకాంబరాలు. కలశానికి సరిపోయాయి, మొదటి పూలు కాబట్టి సగం రామాలయానికి పంపాను.

వినాయకచవితికి గుంతలో తీసిన మట్టినే జల్లించి, తడిపి, పిల్లలతో వినాయకుణ్ణి చేయించాం. ఎర్రమట్టి ఆరితే పగుళ్ళిస్తుంది, కాస్త చెరువు బంకమట్టి కలిపితే నిలిచింది. కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు నడుస్తున్నాయి, జనం తగ్గాక వెళ్ళి వరసిద్ధి వినాయకుణ్ణి చూసి వచ్చాం. స్వామి బావిలో వెలిశాడు, చుట్టూ ఎప్పుడూ నీళ్ళే. అది చూశాక చిన్నోడు ఫోనులో అడిగిన ప్రశ్న: మన గుంతలో నీళ్ళొచ్చాయా? రాలేదు. వచ్చిన నాలుగు జల్లులూ నేల తాగేసింది.

పెరటాసి

పెరటాసి అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల. మా జిల్లాలో పెరటాసి శనివారం అంటే ఇంటింటా తళిగే, అంటే వెంకన్నకు నైవేద్యం. పిల్లలు నామాలు పెట్టుకుని, చెంబు పట్టుకుని "గోవిందా" అంటూ నాలుగిళ్ళు తిరిగి బియ్యం తెస్తారు, ఆ బియ్యం కలిపే వంట. మనవరాలు ఈ ఏడు మా వీధిలో తిరిగింది. ప్రతి ఇంట్లోనూ "మీ అవ్వ తోట ఎంతవరకొచ్చింది?" అని అడిగారట. రెండిళ్ళవాళ్ళు తులసి మొక్క అడిగారు. తోట గోడ దాటడం అప్పుడే మొదలైంది.

తిరుమలలో బ్రహ్మోత్సవాలు. గరుడసేవ రోజు జనంలోకి పోయే ఓపిక మాకు లేదు, టీవీలో చూశాం. ఆ రోజు స్వామి వేసుకునే దండలు శ్రీవిల్లిపుత్తూరు నుంచి వస్తాయి, ఆండాళ్ళు అమ్మ వేసుకున్నవి. అంత దూరం నుంచి ఒక దండ రావడం, దాని కోసం స్వామి ఆగడం నాకెంతో ఇష్టం.

కార్తీకం

వాన! మా వైపు రెండు ఋతుపవనాలూ తడుపుతాయి గానీ, బావులు నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకే. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి మా ఆయన టార్చి పట్టుకుని గుంత పక్కనే ఉన్నారు. గొట్టంలోంచి నీళ్ళు పడుతున్నాయి, గుంత నిండుతోంది, గంటలోపే ఇంకిపోతోంది. తెల్లవారుజామున ఇంకడం నెమ్మదించింది. పక్క మడిలోని ఎర్రమట్టి కొట్టుకొచ్చి ఇసుక మీద పొరలా పేరుకుంది. టెన్షన్ పడి అబ్బాయికి ఫోను చేశారు. వాడు వాన తగ్గాక వచ్చి గొట్టానికీ గుంతకీ మధ్య రెండడుగుల సిమెంటు తొట్టి కట్టాడు. నీళ్ళు ముందు అందులో నిలిచి, మట్టి అడుక్కి దిగాక, తేరిన నీళ్ళు పై అంచు మీదుగా గుంతలోకి పోతాయి. పైన రెండంగుళాల ఇసుక గీకి కొత్తది వేశాం. ఇలాంటి గుంత ఎవరు తవ్వినా ఈ పూడిక తొట్టి ముందే కట్టుకోవడం మంచిది.

కపిలతీర్థంలో జలపాతం హోరున దూకుతోందని తెలిసి చూడ్డానికి వెళ్ళాం, స్నానానికి వదల్లేదు. అదే వారం మా బోరు నీళ్ళు త్వరగా అందడం గమనించాం. ఒక్క గుంత వల్లేనని అనను, ఊరంతా వాన పడింది. కానీ మా కప్పు నీళ్ళు ఈసారి వీధిలోకి పోలేదు, అది కళ్ళారా చూశాం.

చామంతి విచ్చుకుంది. ఆదివారం ఉసిరిచెట్టు కింద వనభోజనం పెట్టుకుని ఇంటిల్లిపాదీ చేరారు. రాగిసంగటి, ఊరిబిండి, గుమ్మడికాయ పులుసు, పరమాన్నం. తిన్నాక దండ పాఠం. అరటి నార నీళ్ళలో నానబెట్టి, గోరుతో సన్నగా చీల్చాలి. పూలు అటు రెండు ఇటు రెండు, కాడలు ఎదురెదురుగా పెట్టి, ఎడమచేతి బొటనవేలితో నొక్కి పట్టాలి. నార ఒక చుట్టు తిప్పి, చూపుడువేలి మీద మెలికేసి, ఆ మెలికను కాడల మీదుగా దించి లాగాలి. ఎక్కువ లాగితే కాడ తెగుతుంది, తక్కువ లాగితే పువ్వు జారుతుంది. ఆ మధ్య బిగువు చెప్తే రాదు, వేలికే తెలియాలి. మనవరాలికి చీకటి పడే వేళకు తెలిసింది.

తిరుమలలో శ్రీవారికి పూలదండలు వేసే తోమాల సేవలో దండలకు పేర్లున్నాయి. కిరీటం మీదుగా రెండు భుజాల పైకి దిగేది శిఖామణి, ఎనిమిది మూరలు. పాదాల మీద వేసేవి తిరువడి దండలు, ఒక్కొక్కటి ఒక మూర. వాటిని ఉంచే పూల అరను యామునోత్తరై అంటారు. ఈ నెలలోనే శ్రవణా నక్షత్రం నాడు పుష్పయాగం జరుగుతుంది. మా తోట నుంచి ఎనిమిది మూరలు ఇంకా రావు. మనవరాలు కట్టింది ఒక మూర. "అయితే ఇది తిరువడి దండ" అంది. రామాలయంలో సీతమ్మ పాదాల దగ్గర పెట్టించాం. మా కోడలు ఆ రోజు ఫోను తీయలేదు. ఫొటో కూడా లేదు.

ధనుర్మాసం, సంక్రాంతి

తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే నెల. చలిలో తెల్లవారకముందే చామంతులు కోసి గుడికి పంపడం మా ఇద్దరి పని. మంచు తడి ఆరకుండా కోసిన పూలు మూట కడితే మచ్చ పడతాయి, అందుకని వెదురు చాటలో పలచగా పరిచి తీసుకుపోతాం. మల్లెకు నీళ్ళు ఆపి, ఆకు రాలాక కొమ్మలు కత్తిరించాం. ఎండల మొదట్లో పూస్తుంది. గుడిలో వాడి తీసేసిన పూలు మళ్ళీ తోటకే వచ్చి ఎరువు గుంతలో పడుతున్నాయి. తిరుమలలోనూ 2021 నుంచి వాడిన పూలతో అగరబత్తులు చేస్తున్నారు.

కనుమ నాడు చిట్లకుప్ప మంట దగ్గర ఊరంతా కలిసింది. గొడ్లు లేని ఇల్లు మాది, అయినా జీవామృతానికి పేడ ఇచ్చిన ఆవు మా పక్కింటిది. దాని కొమ్ములకు మా బంతిపూల దండ కట్టాం.

మాఘం

చల్లగా ఉండగానే శ్రీవారి మెట్టు ఎక్కాలని అనుకున్నాం. శ్రీనివాసమంగాపురం మాకు దగ్గర. పెళ్ళయ్యాక స్వామి, పద్మావతమ్మ ఆరు నెలలు అక్కడ ఉండి ఈ దారినే కొండెక్కారని చెప్తారు. 2,388 మెట్లు. అలిపిరి దారి కంటే పొట్టి, ఎక్కుడు మాత్రం నిటారు. నాకు మోకాళ్ళ నొప్పి, ఆయనకు బీపీ. డాక్టరుతో మాట్లాడి, మాత్రలు వేసుకుని, ప్రతి మలుపులో కూర్చుంటూ ఎక్కాం. బయల్దేరేముందు మనవరాలు జడలో పూలు తీసి నాకిచ్చింది. కొండ మీద పూలన్నీ స్వామివే, ఆడవాళ్ళు పెట్టుకోరు.

2021 నవంబరు వానలకు ఈ దారి దెబ్బతింటే బాగుచేసి 2022 మేలో తెరిచారు. వాన ఎంత పని చేస్తుందో పిల్లలకు అక్కడ చూపించారు తాత. దారి పక్క ఎర్రచందనం చెట్టు బెరడు మీద చిన్నోడి చెయ్యి పెట్టించారు. మొసలి తోలులా పలకలు పలకలుగా ఉంటుంది. ఈ కొండల చుట్టుపక్కల తప్ప లోకంలో సహజంగా పెరగని చెట్టు. శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించింది ఇలాంటివాటిని కాపాడడానికే. చివరి మెట్ల దగ్గర మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళయిన కొత్తలో ఇదే దారిలో బిడియంతో పట్టుకోలేదు.

దర్శనం అయింది. మహాద్వారం దగ్గర చిన్నోణ్ణి తాత భుజాల మీదికి ఎత్తుకుని గునపం చూపించారు. వాడు బుద్ధిగా దణ్ణం పెట్టాడు.

ఫాల్గుణం

ఏడాది అయింది. తులసి, మరువం రోజూ పోతున్నాయి. గన్నేరు, నందివర్ధనం ఏ రోజూ తప్పలేదు. చామంతి అయిపోయింది, పిలకలు నీడలో దాచాను. మల్లె మొగ్గ తొడిగింది. ఎండాకాలం రెండు నెలలు దండకు మల్లె ఒక్కటే ఆధారం, అది చాలదు. సంపంగి ఒకటి, పారిజాతం ఒకటి నాటాలి. నార కోసం ప్రతిసారీ పక్కూరికి పోకుండా దొడ్డి మూల రెండు అరటి పిలకలు పెట్టాలి. వేపనూనె అయిపోయింది, మందారం మీద పిండినల్లి కనబడుతోంది.

రామాలయం కప్పు నీళ్ళకు కూడా ఒక ఇంకుడు గుంత తవ్వుదామని పెద్దమనుషులను అడిగాం, సరేనన్నారు. తొట్టి ముందు, గుంత తర్వాత అని ఈసారి వరస. కంకర ఏరే పని తనకే ఉంచమని చిన్నోడు బెంగళూరు నుంచి మాట తీసుకున్నాడు. సెలవులు మొదలయ్యేలోపు ముగ్గు పోసి ఉంచుతాం.